ఏ ఆయిల్‌కు ఆ డ్రమ్ము

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఫ్యాక్టరీల్లో, గ్యారేజీల్లో వాడి తీసేసిన ఆయిల్‌ను ఏం చేయాలన్న దాని మీద ప్రశ్నలు పంపమని కిందటి నెల అడిగాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి. నేను ఉద్యోగం చేసింది ఒక విద్యుత్ కేంద్రంలో. మొదట ఆయిల్ ల్యాబ్‌లో, తర్వాత మెయింటెనెన్స్‌లో. టర్బైన్ ఆయిల్ నుంచి డోజర్ ఇంజిన్ ఆయిల్ దాకా అన్నీ చూశాను. రిటైరయ్యాక చిన్న షాపులవాళ్లు పిలిస్తే వెళ్లి చూసి చెబుతుంటాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు.

ప్ర: మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) షాపు. హైడ్రాలిక్ ఆయిల్, గేర్ ఆయిల్, పాత కూలెంట్ (లోహం కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవం), పార్టులు కడిగిన సాల్వెంట్ అన్నీ ఒకే డ్రమ్ములో పోసేవాళ్లం. ఎప్పుడూ కొనే ఏజెన్సీ ఈసారి మూత తీసి చూసి వద్దంది. ఇంకొకాయన బిల్లు లేకుండా తీసుకెళతానంటున్నాడు. ఇచ్చేయమంటారా?

జ: ఇవ్వకండి. ఏజెన్సీవాళ్లు వద్దనడంలో తప్పేమీ లేదు. హైడ్రాలిక్ ఆయిల్, గేర్ ఆయిల్ విడిగా ఉండి ఉంటే డబ్బిచ్చి తీసుకెళ్లేవాళ్లు. వాటిలో కూలెంట్, సాల్వెంట్ పోయడంతో డ్రమ్ము మొత్తం మీరే ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవాల్సిన సరుకైపోయింది.

ముందు కూలెంట్ సంగతి. తెల్లగా పాలలా కనిపించే ఆ ద్రవంలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. ఆయిల్, నీళ్లు విడిపోకుండా ఉండాలని అందులో ఎమల్సిఫైయర్ వేస్తారు. అది హైడ్రాలిక్ ఆయిల్‌లో పడ్డా అదే పని చేస్తుంది, నీళ్లను ఆయిల్‌లోనే పట్టి ఉంచుతుంది. మామూలుగా ఆయిల్‌లో నీళ్లు పడితే కొన్నాళ్లు కదపకుండా ఉంచితే అడుగుకు దిగుతాయి, కింది వాల్వు తిప్పి వదిలేయొచ్చు. కూలెంట్ కలిశాక నెలలు నిలబెట్టినా తేటపడదు.

సాల్వెంట్ ఇంకా పెద్ద తలనొప్పి. గ్రీజు వదలడానికి ట్రైక్లోరోఇథిలిన్ లాంటివి వాడితే ఆయిల్‌లోకి క్లోరిన్ వస్తుంది. ఆ ఆయిల్‌ను వేడి చేసినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి ప్లాంటులో ట్యూబులను తినేస్తుంది. సరిగ్గా మండని చోట కాలిస్తే డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. అందుకే వాడిన ఆయిల్‌ను రీరిఫైన్ చేసేవాళ్లు, అంటే మళ్లీ శుద్ధి చేసేవాళ్లు, క్లోరిన్ ఉన్న సరుకంటే దగ్గరికి రానివ్వరు.

ఇకముందు ఏ డ్రమ్ములో ఏముందో మీ షాపులోనే తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చెబుతాను. ల్యాబ్ రిపోర్టుకు ఇవి బదులు కావు, కానీ చాలావరకు చెప్పేస్తాయి.

ఒకటి నీళ్ల పరీక్ష. ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్ మీద చిన్న అల్యూమినియం గిన్నె పెట్టి 160 డిగ్రీల దాకా వేడెక్కనివ్వండి. మంట ఉండే స్టవ్వు వద్దు. కళ్లద్దాలు పెట్టుకుని డ్రాపర్‌తో ఒక్క చుక్క వేయండి. నీళ్లు లేకపోతే చుక్క చప్పుడు లేకుండా పల్చగా పరుచుకుంటుంది. కాస్త తడి ఉంటే సన్నటి బుడగలు లేచి వెంటనే ఆగిపోతాయి. ఎక్కువుంటే చిటపటమని చిమ్ముతుంది. 0.1 శాతం నీళ్లున్నా ఇందులో దొరికిపోతాయి. పెట్రోలో, సాల్వెంటో కలిసిందన్న అనుమానం ఉన్న డ్రమ్ముకు మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, అంటుకుంటుంది.

రెండోది రాగి తీగ పరీక్ష. ఒక ముక్క తీగను చిన్న గ్యాస్ బర్నర్ మంటలో ఎర్రగా కాల్చండి. మంటకు ఏ రంగూ రాకుండా అయ్యేదాకా కాల్చి చల్లారనివ్వండి. తర్వాత కొన ఒక్కటే ఆయిల్‌లో ముంచి మళ్లీ మంట అంచున పెట్టండి. ఆయిల్ కాలిపోయాక మంట ఆకుపచ్చగా మెరిస్తే క్లోరిన్ ఉన్నట్టు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కటింగ్ ఆయిళ్లలో కంపెనీవాళ్లే క్లోరినేటెడ్ పారాఫిన్ కలుపుతారు, దానికీ పచ్చమంటే వస్తుంది. కాబట్టి క్లోరిన్ సాల్వెంట్‌దా, ఆయిల్‌దా అన్నది తీగ చెప్పదు. ఆ డ్రమ్మును పక్కన పెట్టాలని మాత్రం చెబుతుంది. ఈ పరీక్ష గది బయటే చేయండి, ఆ పొగ పీల్చకూడదు. డ్రమ్ములున్న చోటికి దూరంగా చేయండి.

ఇప్పుడున్న డ్రమ్ము విషయానికొస్తే, దాంట్లో కొత్తగా ఒక్క లీటరు కూడా పోయకండి. శాంపిల్ తీసి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఐదో షెడ్యూలు ఉంది. రీరిఫైనింగ్‌కు పనికొచ్చే ఆయిల్‌లో సీసం 100 పీపీఎం (పది లక్షల్లో 100 పాళ్లు), ఆర్సెనిక్ 5 పీపీఎం దాటకూడదని, కాడ్మియం, క్రోమియం, నికెల్ మూడూ కలిపి 500 పీపీఎం దాటకూడదని అందులో రాసి ఉంది. దాన్లో నెగ్గకపోతే రిఫైనరీ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు మిగిలేది దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రం, లేదా ఇలాంటివి కాల్చడానికి అనుమతి ఉన్న సిమెంట్ కిల్న్ (సిమెంట్ ఫ్యాక్టరీ కొలిమి). ఖర్చవుతుంది, తప్పదు. బిల్లు లేకుండా తీసుకెళ్లే మనిషి దాన్ని ఏ ఇటుక బట్టీకో అమ్ముతాడు, కాదంటే రాత్రిపూట నాలాలో వదిలేస్తాడు. కూకట్‌పల్లి నాలా గుండా మీ వైపు ఫ్యాక్టరీల వ్యర్థాలు ఏళ్ల తరబడి హుస్సేన్ సాగర్‌లోకి చేరాయి. ఆ చెరువును బాగు చేయడానికి ఎంత తంటాలు పడుతున్నామో ఊరంతా చూస్తూనే ఉంది.

రేపటి నుంచి నాలుగు డ్రమ్ములు పెట్టండి. హైడ్రాలిక్, గేర్, స్లైడ్‌వే ఆయిల్ (మెషిన్ జారే పట్టాలకు వేసేది) ఒకదాంట్లో. కూలెంట్ ఒకదాంట్లో. సాల్వెంట్ ఒకదాంట్లో. ఆయిల్ పట్టిన కాటన్ వేస్ట్, రంపపు పొట్టు నాలుగోదాంట్లో. పేర్లు డ్రమ్ము మూత మీద కాకుండా ఒంటి మీద రాయించండి. మూతలు మారిపోతుంటాయి. పెద్ద అక్షరాల్లో తెలుగులోనూ, హిందీలోనూ రాయించండి. రాత్రి షిఫ్టులో ఆయిల్ తీసే కుర్రాడు ఏ భాష చదువుతాడో మీకే తెలుసు. ఒక్కో డ్రమ్ముకు వేరే గరాటు ఉండాలి. గరాటు ఒకటే అయితే మిగతాదంతా దండగ.

పాత కూలెంట్ డ్రెయిన్‌లో పోయకూడదు. దానికి ఎమల్షన్‌ను, అంటే కలిసిపోయిన ఆయిల్, నీళ్లను విడగొట్టే ట్రీట్‌మెంట్ కావాలి, ఫ్యాక్టరీలకు ఉమ్మడిగా ఉండే వ్యర్థజలాల శుద్ధి కేంద్రానికి పంపే వీలు కనుక్కోండి. అసలు పారేయాల్సిన కూలెంటే తగ్గించొచ్చు. ఆదివారం మెషిన్లు ఆపేసి సోమవారం వచ్చేసరికి కుళ్లిన గుడ్ల వాసన వస్తోందా? పైన తేలిన మెషిన్ ఆయిల్ గాలి తగలనివ్వకపోవడంతో గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరిగిందన్నమాట. బెల్టు స్కిమ్మర్‌తో ఆ ఆయిల్ పొర తీస్తూ, సెలవు రోజున కూడా కాసేపు పంపు తిరిగేలా చూస్తే కూలెంట్ చాలాకాలం నిలుస్తుంది.

ప్ర: విజయవాడ ఆటోనగర్‌లో నాది లారీల గ్యారేజీ. పాత ఇంజిన్ ఆయిల్‌కు చుట్టుపక్కలవాళ్లు మంచి రేటే ఇస్తున్నారు. పర్మిషన్ ఉన్న కంపెనీ అంతకన్నా తక్కువిస్తానంటోంది, పైగా కాగితాలు రాయమంటోంది. చిన్నవాళ్లకు కూడా ఈ రూల్స్ ఉంటాయా?

జ: ఉంటాయండీ. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల జాబితాలో 5.1 నంబరు కింద ఉంది. చిన్న గ్యారేజీ అని మినహాయింపేమీ లేదు. కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఆథరైజేషన్ (అనుమతి) తీసుకోవాలి, 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు, లోడు వెళ్లేటప్పుడు ఫారం 10 మ్యానిఫెస్ట్ (సరుకు ఎవరి నుంచి ఎవరికి వెళ్తోందో చెప్పే పత్రం) రాయాలి, ఎంత వచ్చింది ఎంత పోయింది అన్నది ఫారం 3లో నమోదు చేయాలి. ఏడాది లెక్క ఫారం 4లో జూన్ 30 లోపు పంపాలి. వింటే చాలా పనిలా ఉంటుంది కానీ, మీలాంటి గ్యారేజీకి ఒక రిజిస్టరు, ఒక ఫైలు సరిపోతాయి.

మీకు రేటు ఎక్కువిచ్చేవాళ్లు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నారో ఒకసారి ఆలోచించండి. ఫర్నేస్ ఆయిల్‌కు బదులు చౌకగా కాల్చుకునేవాళ్లకు అమ్ముతారు. ఇంజిన్‌లో అరిగిన లోహాలు, ఆయిల్‌లో కలిపిన జింకు రసాయనం అన్నీ పొగలో కలిసి బయటికొస్తాయి. అంతకన్నా దారుణం, ఆ ఆయిల్‌నే మట్టితో రంగు తీసి, పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాల్లో నింపి మళ్లీ కొత్తదని అమ్మడం. అది ఏదో ఒక రోజు మీ గ్యారేజీకొచ్చిన లారీలోనే పడుతుంది. అందుకే ఖాళీ డబ్బాలు పడేసే ముందు మేకుతోనో, డ్రిల్లుతోనో కన్నం పెట్టించండి. ఈ ఒక్క అలవాటు ఆటోనగర్ అంతా పాటిస్తే కల్తీవాళ్లకు సగం సరుకు దొరకదు.

2024 ఏప్రిల్ 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది. లూబ్రికెంట్ తయారుచేసి అమ్మే కంపెనీల మీదే వాడిన ఆయిల్‌ను రీసైకిల్ చేయించే బాధ్యత పెట్టారు. రీసైక్లర్ల దగ్గర్నుంచి ఆ మేరకు సర్టిఫికెట్లు కొనాల్సింది వాళ్లే. సేకరించే ఏజెంట్లు కూడా రిజిస్టర్ చేసుకోవాలి. లెక్కలోకి వచ్చే ఆయిల్‌కు ఇప్పుడు విలువ ఉంది. కాబట్టి మీ ఆటోనగర్‌లో పది గ్యారేజీలు కలిసి, రిజిస్టర్డ్ ఏజెంటును ఒకే రోజున రమ్మని బేరమాడండి. ఒక్కో డ్రమ్ముకు ఒక్కోసారి తిరిగే రవాణా ఖర్చు మిగిలితే రేటు పెంచడానికి అతనికీ వీలుంటుంది.

గ్యారేజీలో కలపకూడనివి మూడున్నాయి. బ్రేక్ ఆయిల్‌ను ఆయిల్ అంటాం కానీ అది ఎక్కువగా గ్లైకాల్ అనే వేరే రసాయనం. రేడియేటర్ కూలెంట్ కూడా అంతే. మూడోది పార్టులు కడిగిన పెట్రోలు, కిరోసిన్. ఇక పాత ఫిల్టర్లు. ఇంజిన్ వేడిగా ఉండగానే తీసి, పైన కన్నం పొడిచి, జల్లెడ మీద బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కింద గిన్నెలో ఎంత ఆయిల్ దిగిందో చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. అదీ డ్రమ్ములో పోసుకోవచ్చు.

డ్రమ్ములు షెడ్డు కిందే ఉంచండి. ఆరుబయట నిలబెడితే మూత మీద వాన నీళ్లు నిలుస్తాయి. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే మూత సందుల్లోంచి ఆ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. బిరడా గట్టిగా బిగించినా సరే, వానాకాలం ముగిసేసరికి అడుగున నీళ్లుంటాయి.

ప్ర: తిరుపతిలో మా హోటల్‌లో పూరీలు, బజ్జీలు వేయించిన నూనెను జనరేటర్ నుంచి తీసిన ఆయిల్‌తో కలిపి అమ్మొచ్చా?

జ: కలపొద్దు. వంటనూనెకు వేరే దారుంది. 2018 జూలై 1 నుంచి టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వంటకు వాడకూడదు. ఆహార భద్రతా సంస్థ నడిపే రూకో పథకం కింద దాన్ని బయోడీజిల్ తయారీదారులు కొంటారు. జనరేటర్ ఆయిల్ కలిసిందంటే అటు బయోడీజిల్‌కూ పనికిరాదు, ఇటు రీరిఫైనింగ్‌కూ పనికిరాదు. జనరేటర్ ఆయిల్‌ను సర్వీసింగ్‌కు వచ్చేవాళ్లకు అప్పగించి, ఎక్కడికి పంపుతున్నారో కాగితం అడిగి తీసుకోండి.

ప్ర: మిర్యాలగూడలో మాది పాత రైస్ మిల్లు. నాన్నగారి కాలం నాటి ట్రాన్స్‌ఫార్మర్ తీసేస్తున్నాం. అందులోని ఆయిల్ ఇంకా తేటగానే ఉంది. మిల్లులో పనిచేసే వాళ్లు ఇంటికి పట్టుకెళతామంటున్నారు. ఇవ్వొచ్చా?

జ: దయచేసి ఎవరికీ ఒక్క సీసా కూడా ఇవ్వకండి. తేటగా ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

పాత ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లలో కొన్నింటిని పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ (పీసీబీ) అనే ద్రవంతో నింపేవారు. నిప్పంటుకోదు, చెడిపోదు, కరెంటును బాగా ఆపుతుంది, అందుకని. చెడిపోని గుణమే తర్వాత శాపమైంది. మట్టిలో, చేపల్లో, మనిషి కొవ్వులో పేరుకుపోతుంది, క్యాన్సర్ తెస్తుంది. మామూలు మినరల్ ఆయిల్ నింపిన ట్రాన్స్‌ఫార్మర్లలోనూ ఇది కలిసి ఉండొచ్చు. ఒకే ఫిల్టర్ మెషిన్‌ను ఊళ్లన్నీ తిప్పి అన్ని ట్రాన్స్‌ఫార్మర్లకూ వాడితే ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి పోతుంది. స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం దీన్ని ప్రపంచమంతా వదిలించుకోవాలి. మన దేశంలో 2016లో తెచ్చిన ఉత్తర్వు ప్రకారం 2025 డిసెంబర్ 31 తర్వాత ఏ రూపంలోనూ వాడటానికి లేదు.

మీరు చేయాల్సింది ఇది. ట్రాన్స్‌ఫార్మర్‌ను అలాగే మూసి ఉంచండి. నేమ్‌ప్లేట్ ఫోటో తీసుకోండి, తయారైన సంవత్సరం, ఆయిల్ ఎంత పట్టేదీ దాని మీద ఉంటాయి. గ్లౌజులు వేసుకున్న మనిషితో కింది వాల్వు నుంచి చిన్న గాజు సీసాలో శాంపిల్ తీయించి ల్యాబ్‌కు పంపండి. పీసీబీ పరీక్ష కావాలని పేరు రాసి మరీ అడగాలి. మామూలుగా చేసే బ్రేక్‌డౌన్ వోల్టేజీ పరీక్షలో (ఆయిల్ ఎంత వోల్టేజీని ఆపగలదో చూసేది) ఇది కనిపించదు. రిపోర్టు వచ్చేదాకా తుక్కు వ్యాపారిని గేటు లోపలికి రానివ్వొద్దు. పీసీబీ 2 పీపీఎం లోపు ఉంటే మామూలు వాడిన ఆయిల్ లాగా రీరిఫైనర్‌కు పంపొచ్చు. దాటితే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలిపి, వాళ్లు చెప్పిన చోటికే పంపాలి.

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌ను కీళ్లనొప్పులకు రాసుకోవడం నేను పల్లెల్లో చాలాచోట్ల చూశాను. స్టవ్వుల్లో పోసేవాళ్లనూ చూశాను. మీవాళ్లు ఇంటికి పట్టుకెళతామంటే అందుకేనేమో అడగండి. కోప్పడకుండా కూర్చోబెట్టి చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ప్ర: తెనాలిలో ఇల్లు కడుతున్నాం. మేస్త్రీ సెంట్రింగ్ రేకులకు గ్యారేజీ నుంచి తెచ్చిన నల్ల ఆయిల్ పూస్తున్నాడు. గేదెలకు పిడుదులు పోతాయని పక్కింటాయన పశువుల కొట్టంలో కూడా చల్లుతున్నాడు. పనికొచ్చే పనే కదా, ఇది కూడా రీసైక్లింగే అనుకోవచ్చా?

జ: అనుకోకూడదు. ఇంజిన్‌లో నడిచే కొద్దీ ఆయిల్‌లోకి పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు చేరతాయి. వాటిలో క్యాన్సర్ తెచ్చేవి ఉన్నాయి, చర్మం గుండా లోపలికి పోతాయి. సెంట్రింగ్ పనిలో ఆ ఆయిల్ పూసేది వట్టి చేతుల్తో, గుడ్డముక్కతో. వాన పడితే రేకుల మీది నుంచి మట్టిలోకి, అక్కడి నుంచి మీ బోరు చుట్టుపక్కలకు దిగుతుంది. ఒక లీటరు వాడిన ఆయిల్ 10 లక్షల లీటర్ల మంచినీటిని తాగడానికి పనికిరాకుండా చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క. పైగా స్లాబు అడుగున నల్లమరకలు పడి ప్లాస్టరింగ్ సరిగా పట్టదు. సెంట్రింగ్ కోసమే తయారుచేసే షట్టరింగ్ ఆయిల్ దొరుకుతుంది, నీళ్లలో కలిపి వాడే రకాలూ ఉన్నాయి. ఇంటి ఖర్చులో అదెంత! మేస్త్రీకి మీరే కొనివ్వండి.

గేదె ఒళ్లు నాక్కుంటుంది, దూడ తల్లిని నాకుతుంది. ఆ పాలు పిల్లలు తాగుతారు. పిడుదులకు పశువైద్యుణ్ణి అడిగితే సరైన మందు ఇస్తారు.

ప్ర: కాకినాడలో కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వాడిన ఆయిల్‌ను మళ్లీ శుద్ధి చేస్తే కొత్తదానంత బాగుంటుందా? ఎలా చేస్తారో చెప్పండి సార్.

జ: బాగుంటుందమ్మా, సరిగ్గా చేస్తే. ఇంజిన్‌లో పాడయ్యేది ముఖ్యంగా ఆయిల్‌లో కలిపిన రసాయనాలు. మసి, లోహపు పొడి, నీళ్లు, ఇంధనం కూడా వచ్చి చేరతాయి. అసలు బేస్ ఆయిల్ (రసాయనాలు కలపకముందు ఉండే మూల నూనె) చాలావరకు అలాగే ఉంటుంది. వచ్చినవి తీసేసి, పోయినవి మళ్లీ కలిపితే చాలు.

మొదట వేడి చేసి నీళ్లను, తేలికైన ఇంధనాన్ని తీసేస్తారు. తర్వాత వాక్యూమ్ డిస్టిలేషన్. మామూలు పీడనంలో మరిగిస్తే ఆయిల్ అణువులు విరిగిపోతాయి కాబట్టి పీడనం తగ్గించి తక్కువ వేడిలోనే ఆవిరి చేస్తారు. చాలా ప్లాంట్లలో థిన్ ఫిల్మ్ ఎవాపొరేటర్ ఉంటుంది. నిలువు సిలిండరు లోపలి గోడ మీద ఆయిల్‌ను బ్లేడ్లు పల్చటి పొరలా పరుస్తాయి. వేడి గోడకు కొద్ది సేపే తగులుతుంది కనుక బొగ్గు కట్టదు. లోహాలు, పాత రసాయనాలు అడుగున చిక్కటి ద్రవంగా మిగులుతాయి. దాన్ని తారులో కలపడానికి వాడతారు. చివర క్లే అనే బంకమట్టితో గానీ, హైడ్రోజన్‌తో గానీ శుద్ధి చేసి రంగు, వాసన, గంధకం తీస్తారు. హైడ్రోజన్ పద్ధతిలో వచ్చే బేస్ ఆయిల్ నాణ్యత బాగా ఎక్కువ, ప్లాంటు ఖర్చూ ఎక్కువే.

ఒకప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం, క్లే వాడే పద్ధతి ఊరూరా నడిచేది. అందులో ఆమ్లం కలిసిన తారు మడ్డి గుట్టలుగా మిగిలిపోతుంది, దాన్ని ఏం చేయాలో ఎవరికీ దారి ఉండదు. మీరు ఇంటర్న్‌షిప్‌కు ఏ యూనిట్‌కైనా వెళితే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: మీ దగ్గర అడుగున ఏం మిగులుతుంది, అదెక్కడికి పోతుంది? జవాబు సూటిగా చెప్పేవాళ్ల దగ్గరే పని నేర్చుకోండి.

ఒక పోలిక లెక్క కూడా రాసుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ ప్రకారం సుమారు రెండున్నర లీటర్ల లూబ్రికెంట్ రావాలంటే ముడి చమురు 42 గ్యాలన్లు, అంటే దాదాపు 159 లీటర్లు శుద్ధి చేయాలి. అదే లూబ్రికెంట్ వాడిన ఆయిల్ నుంచి అయితే ఒక గ్యాలన్‌తో, నాలుగు లీటర్ల లోపే వస్తుంది. ముడి చమురులో మిగతాది పెట్రోలు, డీజిల్‌గా పోతుంది కాబట్టి అది వృథా అని కాదు, కానీ లూబ్రికెంట్ కోసం వెతికేవాళ్లకు వాడిన ఆయిల్ ఎంత దగ్గరి దారో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొనేటప్పుడు రీరిఫైన్డ్ అనగానే భయపడక్కర్లేదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ గ్రేడు కావాలంటే కొత్త బేస్ ఆయిల్‌కు ఏ ఇంజిన్ పరీక్షలో, దీనికీ అవే. డబ్బా మీద గ్రేడు, బ్యాచ్ నంబరు, తయారుచేసినవాళ్ల చిరునామా ఉన్నాయా, సీలు సరిగ్గా ఉందా చూసి తీసుకోండి.